ఏడాది వారంటీ.. ఏడాదిన్నర బ్యాటరీ: మన ఇయర్‌బడ్స్ రిపేర్ కాకుండా అడ్డుపడుతున్నది ఏంటి?

మీ ఇయర్‌బడ్స్‌లో ఒకటి గంటకే ‘బ్యాటరీ లో’ అని చెప్పేస్తోందా? రెండోది మాత్రం ఇంకా నడుస్తోందా? కొని ఏడాదిన్నర కూడా కాలేదా? అలాగైతే తప్పు మీ వాడకంలో లేదు. మీకు దొరికింది చెడ్డ పీసూ కాకపోవచ్చు. దాని తయారీయే అలా ఉంది మరి.

వెయ్యి, పదిహేను వందలు పెట్టి కొన్న జత అయినా, ఇరవై వేలు దాటిన ప్రీమియం మోడల్ అయినా ముసలితనం వచ్చే తీరు దాదాపు ఒక్కటే. ముందు ఒక బడ్ త్వరగా అయిపోతుంది. కాల్ మధ్యలో కట్ అవుతుంది. తర్వాత కేస్‌లో ఛార్జింగ్ నిలవదు. కొన్నాళ్లు ఒక్క చెవితోనే నెట్టుకొస్తాం.. ఆ తర్వాత అది డ్రాయర్‌లో పాత ఛార్జర్ల పక్కన చేరుతుంది. నిజానికి అందులో పాట వినిపించే స్పీకర్ బాగానే ఉంటుంది. మైక్ పనిచేస్తూనే ఉంటుంది. బ్లూటూత్ చిప్‌కి ఏమీ కాదు. బఠాణీ గింజంత బ్యాటరీ ఒక్కటే చచ్చిపోతుంది. దానితో పాటు మిగతావన్నీ చెత్తలోకి పోతాయి.

ఇప్పుడు ఈ విషయం ఎందుకంటే.. 2027 ఫిబ్రవరి 18 నుంచి యూరోపియన్ యూనియన్‌లో కొత్త నిబంధన అమల్లోకి రావాల్సి ఉంది. చిన్న బ్యాటరీలతో నడిచే వస్తువుల్ని అమ్మాలంటే, ఆ బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి. మన దగ్గర కూడా ‘రిపేరబిలిటీ ఇండెక్స్’ పేరుతో కేంద్రం ఒక అడుగు వేసింది. కానీ అందులో ముందు వరుసలో ఉన్నవి ఫోన్లు, ట్యాబ్లెట్లు. చెవిలో పెట్టుకునే వాటి వంతు ఇంకా రాలేదు. మరో విచిత్రం ఏంటంటే, ప్రపంచమంతా వాడే ఎయిర్‌పాడ్స్ ఇప్పుడు హైదరాబాద్ శివార్లలోనే తయారవుతున్నాయి. ఆ సంగతికి తర్వాత వద్దాం.

లెక్క వేస్తే తేలేది ఇదీ

ఫోన్‌లో బ్యాటరీ ఎంత ఉంటుంది? సుమారు 5,000 ఎంఏహెచ్. మరి ఒక ఇయర్‌బడ్‌లో? మోడల్‌ని బట్టి 30 నుంచి 60 ఎంఏహెచ్ మధ్య. అంటే ఫోన్ బ్యాటరీలో వందో వంతు. 2016లో వచ్చిన తొలి ఎయిర్‌పాడ్స్‌లో అయితే ఒక్కో బడ్‌లో ఉన్నది 93 మిల్లీవాట్ అవర్ల బ్యాటరీ.

లిథియం అయాన్ బ్యాటరీకి ఆయుష్షును సంవత్సరాల్లో కాకుండా సైకిళ్లలో లెక్కిస్తారు. సున్నా నుంచి వందకి ఎక్కి, మళ్లీ సున్నాకి దిగితే ఒక సైకిల్. మామూలుగా 300 నుంచి 500 సైకిళ్లు తిరిగేసరికి దాని సామర్థ్యం 80 శాతానికి పడిపోతుంది. ఫోన్‌కైనా బడ్‌కైనా సూత్రం ఇదే. తేడా ఎక్కడంటే, ఫోన్ రోజుకి ఒక సైకిల్ తిరిగితే అది మీ రోజంతా లాగుతుంది. ఇయర్‌బడ్ ఐదు గంటలకే ఒక సైకిల్ పూర్తి చేసేస్తుంది.

రోజుకి ఐదు గంటలు వాడే కాలేజీ కుర్రాడి సంగతే చూడండి. రోజుకో సైకిల్. 500 సైకిళ్లు అంటే 16 నెలలు. వారంటీ ఎంత? చాలా బ్రాండ్లకి 12 నెలలు! ఇక పొద్దున్నుంచి రాత్రిదాకా చెవిలో పెట్టుకునే డెలివరీ బాయ్, క్యాబ్ డ్రైవర్, కాల్స్ మీదే ఉండే సేల్స్ ఉద్యోగి అయితే రోజుకి రెండు సైకిళ్లు. వాళ్లకి ఎనిమిది నెలల్లోనే ఆ గీత దాటిపోతుంది. 500వ సైకిల్‌కి బ్యాటరీ చచ్చిపోదు, బలహీనపడుతుంది అంతే. కానీ ఐదు గంటలు నాలుగు గంటలయ్యాక పతనం ఆగదు. పైగా అంత చిన్న బ్యాటరీలో కాస్త తగ్గినా చెవికి వెంటనే తెలిసిపోతుంది.

మన ఎండలు వేరే. వేడికి లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది, అందులోనూ ఫుల్ ఛార్జ్‌తో ఉండి వేడెక్కితే ఇంకా త్వరగా. కేస్‌లో పెట్టగానే బడ్స్ వంద శాతానికి ఎక్కేస్తాయి. ఆ కేస్‌ని మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో బైక్ ట్యాంక్ కవర్‌లో వదిలేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఫుల్ దాకా ఎక్కించకుండా ఆపే ‘ఆప్టిమైజ్డ్ ఛార్జింగ్’ లాంటి సదుపాయం కొన్ని ఖరీదైన మోడళ్లలో ఉంది. చవక మోడళ్లలో సాధారణంగా కనిపించదు.

ఒకవైపు బడ్డే ముందు ఎందుకు పోతుంది అని చాలామంది అడుగుతుంటారు. చాలా డిజైన్లలో ఫోన్‌తో నేరుగా మాట్లాడే పని, కాల్స్‌లో మైక్ పని ఒక బడ్ మీదే ఎక్కువ పడుతుంది. దాని బ్యాటరీ ఎక్కువ అరుగుతుంది. మీరు కాల్స్‌కి ఎప్పుడూ కుడి చెవిదే వాడుతుంటే ముందు పోయేది కూడా కుడిదే. ఇందులో మాయ ఏమీ లేదు.

జిగురు పెట్టింది నీళ్ల కోసమేనా?

బ్యాటరీ అరగడం ప్రకృతి ధర్మం. దాన్ని ఏ కంపెనీ ఆపలేదు, ఆపలేదని తిట్టడంలో అర్థమూ లేదు. అసలు ప్రశ్న ఏంటంటే, అరిగిన దాన్ని మార్చే దారి ఎందుకు మూసేశారు?

గోడ గడియారంలో సెల్ అయిపోతే మారుస్తాం. టీవీ రిమోట్‌కి మారుస్తాం. అమ్మమ్మ చెవి మిషన్‌కి కూడా బటన్ సెల్ మారుస్తున్నాం. ఇయర్‌బడ్‌లో మాత్రం ప్లాస్టిక్ డొప్పలు రెండూ జిగురుతో అతికి ఉంటాయి, లేదా అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌తో కరిగించి కలిపేసి ఉంటాయి. స్క్రూ ఉండదు. తెరవాలంటే కోయాలి. కోస్తే మళ్లీ మూతపడదు. వస్తువుల్ని విప్పి చూసి మార్కులు వేసే అమెరికా సంస్థ ఐఫిక్సిట్, 2016 నాటి తొలి ఎయిర్‌పాడ్స్‌కి రిపేర్ విషయంలో పదికి ఎంత ఇచ్చిందో తెలుసా? సున్నా. 2019లో వచ్చిన ఎయిర్‌పాడ్స్ ప్రోకి కూడా సున్నానే.

కంపెనీలు చెప్పే సమాధానం ఒకటుంది. చెమట, వాన లోపలికి పోకూడదు, సైజు చిన్నగా ఉండాలి, అందుకే జిగురు తప్పదు అని. వినడానికి సబబుగానే ఉంది కదా? కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

ఆ తొలి ఎయిర్‌పాడ్స్‌కి నీటి నుంచి రక్షణ అనే రేటింగే లేదు. అయినా జిగురు ఉంది! అదే 2019లో శాంసంగ్ తెచ్చిన గెలాక్సీ బడ్స్‌కి ఐపీఎక్స్2 రేటింగ్ ఉంది. దాన్ని విప్పి చూసిన ఐఫిక్సిట్ పదికి 6 మార్కులు వేసింది. లోపల ఉన్నది గుండ్రటి కాయిన్ సెల్. జాగ్రత్తగా తెరిస్తే తీసి వేరేది పెట్టొచ్చు. అదే కాలం, అదే సైజు, అదే బ్లూటూత్. ఒకటి సున్నా, ఒకటి ఆరు.

ఇంకా ముందుకొస్తే, నెదర్లాండ్స్ కంపెనీ ఫెయిర్‌ఫోన్ 2024 ఏప్రిల్‌లో ‘ఫెయిర్‌బడ్స్’ తెచ్చింది. రెండు బడ్స్‌లోనూ, కేస్‌లోనూ బ్యాటరీలు ఇంట్లోనే మార్చుకోవచ్చు. విడిభాగాలు విడిగా అమ్ముతారు. వారంటీ మూడేళ్లు. ఐఫిక్సిట్ ఇచ్చింది పదికి పది. మరి నీళ్లు? ఐపీ54.. అంటే దుమ్ము, తుంపర్లకి తట్టుకుంటుంది. బ్యాటరీ ఊడదీసేలా ఉంటే చెమటకి ఆగదు అన్న వాదన అక్కడే తేలిపోయింది.

అలాగని ఫెయిర్‌బడ్స్ మనకి పరిష్కారం అని చెప్పడం లేదు. యూరప్‌లో దాని ధర 149 యూరోలు. మన దగ్గర ఇయర్‌బడ్స్ కొనేవాళ్లలో ఎక్కువమంది పెట్టే డబ్బుకి అది ఎన్నో రెట్లు. కానీ అది ఒక విషయం రుజువు చేసింది. ఈ పని సాధ్యమే. చేయకపోవడం అనేది కంపెనీలు తీసుకున్న నిర్ణయం.

యాపిల్ సంగతి కూడా న్యాయంగా చెప్పుకోవాలి. బ్యాటరీ అరిగితే సర్వీస్ ఉంది. అమెరికాలో వారంటీ అయ్యాక ఒక్కో బడ్‌కి 49 డాలర్లు తీసుకుంటూ వచ్చింది. అక్కడ లోపలి బ్యాటరీని మార్చరు, బడ్డునే మార్చి ఇస్తారు. రెండింటికీ కలిపి 98 డాలర్లు. 2021 చివర్లో రెండో తరం ఎయిర్‌పాడ్స్ కొత్త సెట్ ధర 129 డాలర్లు! ఇంకో 31 డాలర్లు వేస్తే కేస్‌తో సహా కొత్తదే వస్తుంటే రిపేర్ ఎవరు చేయించుకుంటారు? సర్వీస్ ఉందని చెప్పుకోవడానికి ఉంది, జనం వాడుకునే ధరలో లేదు.

ఐపీఎక్స్ అనే మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. బాక్స్ మీద ఐపీఎక్స్4 అని ఉంటే తుంపర్లకి పరీక్ష చేశారని అర్థం. ఎక్స్ ఉన్న చోట దుమ్ము పరీక్ష లెక్క లేదని అర్థం. నీళ్లలో ముంచొచ్చని కానే కాదు. ఆ రక్షణ కూడా శాశ్వతం కాదు, వాడేకొద్దీ తగ్గుతుంది. ప్రకటనలో వర్కవుట్ చేస్తూ చెమటలు కక్కే హీరో ఉంటాడు. వారంటీ కార్డులో చిన్నక్షరాల్లో మాత్రం ‘నీటి వల్ల పాడైతే వర్తించదు’ అని ఉండటం మామూలే. కొనేముందు ఆ లైన్ ఉందో లేదో చదవండి.

జగదీష్ మార్కెట్‌లో చేతులున్నాయి.. దారే లేదు

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ గురించి తెలియని వాళ్లు తక్కువ. ఫోన్ డిస్‌ప్లే పగిలినా, నీళ్లలో పడినా, ఛార్జింగ్ పోర్ట్ లూజైనా అక్కడికే పరుగు. మైక్రోస్కోప్ కింద బోర్డు పెట్టి, కంటికి ఆనని చిప్ తీసి వేరేది అతికించే వాళ్లు అక్కడ ఉన్నారు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు దొరుకుతాయి. ఈ నైపుణ్యం ఏ కాలేజీ ఇచ్చింది కాదు. చిన్నప్పుడే షాపులో చేరి, ఉస్తాద్ పక్కన కూర్చుని నేర్చుకున్నది.

అలాంటి చోట కూడా ఇయర్‌బడ్స్ చూపిస్తే వచ్చే జవాబు తెలిసిందే.. ‘ఇది ఓపెన్ అవ్వదన్నా, కొత్తది తీస్కో’. చేతకాక కాదు. తెరిస్తే డొప్ప పగులుతుంది. పగిలితే కస్టమర్‌తో గొడవ. లోపలి బ్యాటరీ అదే కొలతలో, నమ్మకమైనది దొరకాలి. గంటన్నర కష్టపడి కస్టమర్‌ని మూడొందలు అడిగితే, ‘ఆన్‌లైన్‌లో ఆఫర్‌లో కొత్తదే తొమ్మిదొందలు కదా’ అంటాడు. ఆ లెక్కలో మెకానిక్‌ది తప్పు లేదు, కస్టమర్‌ది కూడా తప్పు లేదు. ఆ గంటన్నర పని పది నిమిషాల పని అయితే మాత్రం లెక్క మొత్తం తిరగబడుతుంది. రెండు స్క్రూలు, ఒక క్లిప్పు, మార్కెట్‌లో దొరికే సైజు సెల్. ఇది ఉంటే బస్టాండ్ పక్కన ఫోన్ కవర్లు అమ్మే కుర్రాడు కూడా చేసేస్తాడు.

నిజానికి చాలా ఇయర్‌బడ్స్‌లో వాడే కాయిన్ సెల్‌కి ఒక అలవాటైన సైజు ఉంది. 1254 అంటారు.. 12 మిల్లీమీటర్ల వెడల్పు, 5.4 మిల్లీమీటర్ల మందం. అంటే విడిభాగం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. తలుపు తెరిస్తే చాలు.

ఇక్కడ భద్రత మాట కూడా వస్తుంది. లిథియం సెల్‌ని తప్పుగా గుచ్చితే మంటలు రావొచ్చు, అది నిజమే. అందుకే కత్తితో కోయాల్సిన అవసరం లేని డిజైన్ కావాలి అనేది. జిగురుతో మూసేసి, ‘తెరవడం ప్రమాదం’ అని చెప్పడం ఎలా ఉందంటే.. తలుపుకి మేకులు కొట్టి, కిటికీలోంచి దూకితే కాళ్లు విరుగుతాయని హెచ్చరించినట్టు ఉంది.

వైరు తెగితే టంకం వేసుకున్న రోజులు

పాత వైర్ ఇయర్‌ఫోన్స్ గొప్పవేం కాదు. జాక్ దగ్గరో, చెవి దగ్గరో వైరు తెగేది. ఒక పక్కే వినిపించేది. జాక్‌ని వేలితో వంచి పట్టుకుని పాటలు విన్న తరం మనది. కానీ తెగింది ఎక్కడో కంటికి కనిపించేది. వీధి చివర రేడియో రిపేర్ షాపులో జాక్ కోసి, కొత్త జాక్‌కి టంకం వేసి ఇచ్చేవాళ్లు. మళ్లీ ఏడాది నడిచేది.

2016 సెప్టెంబర్‌లో ఐఫోన్ 7 నుంచి యాపిల్ 3.5 ఎంఎం జాక్ తీసేసింది. ఆ నిర్ణయానికి వేదిక మీద వాళ్లు చెప్పిన మాట ‘ధైర్యం’. అదే వేదిక మీద ఎయిర్‌పాడ్స్ కూడా ప్రకటించారు. మిగతా కంపెనీలు మొదట నవ్వాయి, తర్వాత ఒక్కొక్కటీ అదే దారి పట్టాయి. అప్పటిదాకా బ్యాటరీయే లేని వస్తువుకి మూడు బ్యాటరీలు వచ్చాయి.. రెండు చెవులకి రెండు, కేస్‌కి ఒకటి.

తల మీద పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్స్ సంగతి కొంచెం మెరుగు. లోపల చోటు ఎక్కువ, స్క్రూలు ఉంటాయి, చాలా మోడళ్లలో ఇయర్ ప్యాడ్స్ ఊడదీసి మార్చుకోవచ్చు. అవి మార్చాల్సి కూడా వస్తుంది. ప్యాడ్ మీద ఉండే పాలీయురేథేన్ తోలు గాలిలో తేమకి, చెమటకి విడిపోయి నల్లగా పొరలు రాలుతుంది. విశాఖ, విజయవాడ, కాకినాడ ఉక్కపోతలో వాడేవాళ్లకి ఇది బాగా తెలుసు. అసలు బలహీనత మడత దగ్గర. 2022లో వచ్చిన సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం5 ధ్వనిలో మంచి పేరు తెచ్చుకుంది, కానీ హింజ్ దగ్గర విరిగిపోతోందని చాలా దేశాల్లో కొన్నవాళ్లు ఫిర్యాదులు చేశారు. 2025లో వచ్చిన ఎక్స్ఎం6లో సోనీ హింజ్ డిజైన్ మార్చింది, మడతపెట్టే వీలు మళ్లీ తెచ్చింది. జనం గోల చేస్తే డిజైన్ మారుతుందన్నమాట.

మన్నిక అంటే ఏంటో చూడాలంటే టీవీ స్టూడియోలు, ఓబీ వ్యాన్ల వైపు చూడాలి. 1988లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 25ని ఇప్పటికీ బ్రాడ్‌కాస్ట్ వాళ్లు, డీజేలు వాడుతున్నారు. కేబుల్ పోతే కేబుల్, ప్యాడ్ పోతే ప్యాడ్, హెడ్‌బ్యాండ్ పోతే హెడ్‌బ్యాండ్, చివరికి స్పీకర్ పోతే స్పీకర్.. ఏ ముక్కకి ఆ ముక్క కొనుక్కుని చేత్తో బిగించుకోవచ్చు. బ్లూటూత్ లేదు, బ్యాటరీ లేదు కాబట్టి రెండింటినీ సమానంగా పోల్చలేం, నిజమే. అయినా ముప్పై ఏళ్లకి పైగా ఒకే మోడల్‌కి విడిభాగాలు అమ్ముతూ ఒక కంపెనీ వ్యాపారం చేయగలిగింది కదా!

యూరప్ తేదీ పెట్టింది.. మరి ఢిల్లీ?

2023లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన బ్యాటరీ నిబంధనల్లో 11వ ఆర్టికల్ ఉంది. వస్తువులో ఉండే పోర్టబుల్ బ్యాటరీని వాడకందారుడే, బజారులో మామూలుగా దొరికే పనిముట్లతో తీసి మార్చుకోగలగాలి. దాన్ని తీయడానికి వేడి చేయడమో, రసాయనం పోయడమో అవసరం కాకూడదు. ఆ మోడల్ చివరి పీస్ మార్కెట్‌లోకి వచ్చాక కూడా ఐదేళ్లపాటు స్పేర్ బ్యాటరీలు సరసమైన ధరకి దొరకాలి. 2027 ఫిబ్రవరి 18 అనే తేదీ ఇక్కడి నుంచి వచ్చిందే. ప్రధానంగా నీళ్లలో వాడే, కడిగే వస్తువులకి కొంత మినహాయింపు ఉంది. అక్కడ కూడా అర్హత ఉన్న మెకానిక్ తీసి మార్చగలిగేలా ఉండాల్సిందే. చెవిలో పెట్టుకునే బడ్‌ని ఎవరూ కుళాయి కింద కడగరు కాబట్టి, ఆ కిటికీలోంచి కంపెనీలు దూరతాయా అన్నది చూడాలి.

యూరప్ చట్టం చేస్తే మనకేంటి అనుకోవద్దు. ఛార్జింగ్ పోర్ట్ సంగతి గుర్తుందా? 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లు, హెడ్‌ఫోన్లు, ఇయర్‌బడ్స్ అన్నీ యూఎస్‌బీ-సీ తోనే ఉండాలని యూరప్ పట్టుబట్టింది. ఐఫోన్ అంతకుముందే 2023లోనే లైట్నింగ్ వదిలి మారిపోయింది.. అక్కడే కాదు, మన దగ్గరా. ఒక్కో దేశానికి ఒక్కో డిజైన్ చేయడం పెద్ద కంపెనీలకి గిట్టుబాటు కాదు. కానీ ఇది ప్రపంచమంతా అమ్మే బ్రాండ్లకి వర్తించే మాట. ప్రధానంగా మన మార్కెట్‌నే నమ్ముకుని వెయ్యి, రెండు వేలలో అమ్మే బ్రాండ్లకి యూరప్ గొడవే లేదు. మనలో ఎక్కువమంది కొనేది అవే.

అందుకే ఢిల్లీ ఏం చేస్తుందన్నది ముఖ్యం. 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజు, కేంద్రమంత్రి పీయూష్ గోయల్ పోర్టల్ ప్రారంభించారు. 2024 సెప్టెంబర్‌లో అదనపు కార్యదర్శి భరత్ ఖేరా నేతృత్వంలో మరో కమిటీ వచ్చింది. వస్తువు ఎంత సులువుగా రిపేర్ అవుతుందో కొనేముందే తెలిసేలా మార్కులు వేసే పద్ధతి మీద ఆ కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఎంత తేలిగ్గా విప్పొచ్చు, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి, ఏ పనిముట్లు కావాలి, ఎలాంటి స్క్రూలు వాడారు, రిపేర్ సమాచారం ఇస్తున్నారా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వస్తాయా.. ఇవీ కొలమానాలు. మార్కులు షాపులోనూ, ఆన్‌లైన్‌లోనూ, బాక్స్ మీద క్యూఆర్ కోడ్‌లోనూ కనపడాలని సూచించింది. ఆలోచన బాగుంది.

కానీ మొదట ఎంచుకున్నవి స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు. ముఖ్యమైన భాగాల జాబితాలో బ్యాటరీ, డిస్‌ప్లే, కెమెరా, ఛార్జింగ్ పోర్ట్, స్పీకర్‌తో పాటు ఇయర్‌ఫోన్ గుచ్చే ఆడియో కనెక్టర్ కూడా ఉంది! అంటే హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రానికి మార్కులు ఉన్నాయి, హెడ్‌ఫోన్‌కి లేవు. ఫ్రాన్స్ కూడా 2021లో ఇలాంటి ఇండెక్స్ మొదలుపెట్టినప్పుడు ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మెషిన్లు, గడ్డి కోసే మిషన్లతోనే మొదలుపెట్టింది, హెడ్‌ఫోన్స్‌ని వదిలేసింది. చవక వస్తువు కదా, రిపేర్ ఎవరికి కావాలి అన్న ఆలోచన కావచ్చు. నా దృష్టిలో అది తలకిందుల లెక్క. ఖరీదైన ఫోన్‌ని ఎలాగైనా రిపేర్ చేయిస్తాం. ఏడాదిన్నరకోసారి పారేసి మళ్లీ కొనేది ఈ చిన్న వస్తువుల్నే. మార్కుల అవసరం వీటికే ఎక్కువ.

వైర్‌లెస్ ఇయర్‌ఫోన్స్‌కి మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బాక్స్ మీద ఆ గుర్తు చూసి ‘క్వాలిటీ గ్యారంటీ’ అనుకుంటాం. అది షాక్ కొట్టకుండా, మంటలు రాకుండా చూసే భద్రతా ప్రమాణం. ఎంతకాలం మన్నుతుందో, తెరిచి బాగుచేయొచ్చో లేదో అది చెప్పదు.

కొంగరకలాన్ నుంచి కోఠి దాకా

ఇక మొదట చెప్పిన విచిత్రం దగ్గరికి. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ప్లాంట్‌కి 2023 మేలో అప్పటి మంత్రి కేటీఆర్ శంకుస్థాపన చేశారు. 2025 ఏప్రిల్‌లో అక్కడ ఎగుమతుల కోసం ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైనట్టు వార్తలు వచ్చాయి. మన పిల్లలకి ఉద్యోగాలు వచ్చాయి, సంతోషం. తెలంగాణ మ్యాప్ మీద ఇది చిన్న విషయం కాదు.

కానీ ఒకసారి ఆలోచించండి. ఈ బడ్‌ని అతికించే పని నేర్చుకున్న చేతులు కొంగరకలాన్‌లో ఉన్నాయి. అదే బడ్‌ని విప్పాలంటే నగరం నడిబొడ్డున కోఠి, అబిడ్స్‌లలో దారి లేదు. తయారీకి భూమి, కరెంటు, రాయితీలు ఇచ్చే ప్రభుత్వాలు, ‘ఇక్కడ తయారైన దానికి ఇక్కడే విడిభాగాలు అమ్మాలి’ అనే ఒక్క షరతు అడిగితే తప్పేముంది? యూరప్ తేదీ వచ్చేసరికి ఎలాగూ అక్కడికి వెళ్లే సరుకు డిజైన్ మారాలి. ఆ మార్పు మన లైన్ల మీదే జరుగుతుంటే, ఆ బ్యాటరీ మన షాపులో కూడా దొరకాలని అడగడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది

ముందుగా, పోయిందనుకున్నది నిజంగా పోయిందో లేదో చూసుకోండి. ఒక బడ్‌లో సౌండ్ తగ్గితే చాలాసార్లు కారణం స్పీకర్ కాదు, జాలీ మీద పేరుకున్న గుబిలి. మెత్తటి పొడి బ్రష్‌తో, జాలీ కిందికి ఉండేలా పట్టుకుని తుడవండి. పిన్నులు, సూదులు పెట్టి పొడవొద్దు. ఛార్జ్ ఎక్కకపోతే కేస్ లోపలి మెరిసే పిన్నులు, బడ్ మీది చుక్కలు పొడి గుడ్డతో తుడిచి చూడండి. చెమట మరకే చాలాసార్లు దొంగ. ఆ తర్వాత రీసెట్ చేసి మళ్లీ జత చేయండి.

కాల్స్ ఎక్కువ మాట్లాడేవాళ్లు ఒక్కో బడ్‌ని మార్చి మార్చి వాడితే రెండూ సమానంగా అరుగుతాయి. కేస్‌ని ఎండలో ఆగిన కారులో వదలొద్దు. బడ్ డొప్ప ఉబ్బినట్టో, అతుకు దగ్గర విడినట్టో కనిపిస్తే ఇక దాన్ని చెవిలో పెట్టుకోవద్దు, ఛార్జింగ్ కూడా పెట్టొద్దు. దాన్ని తడి చెత్త, పొడి చెత్త డబ్బాల్లో వేయడం కూడా ప్రమాదమే. చెత్త బండిలో నలిగితే లిథియం సెల్ మంట పుట్టిస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలని సేకరించే బాధ్యత తయారీదారులదే. ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రంలోనో, బ్రాండ్ సర్వీస్ సెంటర్‌లోనో ఇవ్వండి.

కొత్తవి కొంటున్నారా? సేల్ బ్యానర్ చూసి ఆగిపోకుండా మూడు సంగతులు అడగండి. ఒక్క బడ్ పోతే ఒక్కటే విడిగా అమ్ముతారా? వారంటీలో బ్యాటరీ ఉందా, ఉంటే ఎన్ని నెలలు? మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందా, లేక కొరియర్ చేయాలా? నల్గొండలోనో, నరసరావుపేటలోనో ఉండేవాళ్లకి మూడో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. ఇంట్లో కూర్చుని సినిమాలు చూసేవాళ్లకి, ఆన్‌లైన్ క్లాసులు వినే పిల్లలకి అయితే వైర్ ఊడదీసి మార్చుకునే హెడ్‌ఫోన్స్ ఇప్పటికీ తెలివైన బేరమే.

వారంటీలో ఉండగా కంపెనీ తిప్పుకుంటుంటే ఊరుకోవద్దు. బిల్లు, సర్వీస్ సెంటర్‌కి పెట్టిన మెయిల్స్, చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఎక్కడో గుర్‌గావ్‌లో ఉన్నా, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేసే వీలుంది, లాయర్ తప్పనిసరి కాదు. మీరు చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.